పూట కబురు, పండగ కబురు: తిండి బండికి ఈమెయిల్ ఎంతవరకు?

బండి మీద తిండి అమ్మేవాళ్లకు ఈమెయిల్ ఎందుకని అడిగితే బందరు కోనేరు సెంటర్లో అయినా, గుడివాడ నెహ్రూ చౌక్‌లో అయినా నవ్వేవాళ్లే ఎక్కువ. పునుగులు వేగే వాసనే జనాన్ని పిలుస్తుంది, పిండి అయిపోతే బండి కట్టేస్తారు, మధ్యలో ఈ ఉత్తరాల గొడవేమిటి అంటారు. మరోపక్క ఫుడ్ ట్రక్కు వ్యాపారం నేర్పుతామనే పాఠాలూ వీడియోలూ బండి రోడ్డెక్కకముందే ఈమెయిల్ జాబితా మొదలుపెట్టమని చెబుతున్నాయి.

రెండు పక్షాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయి. తిండి బండ్లన్నీ ఒకటే వ్యాపారమనీ, కబుర్లన్నీ ఒకటే రకమనీ అనుకుంటున్నాయి. మచిలీపట్నం (బందరు), గుడివాడ, దివిసీమల్లో జరిగే బేరాన్ని విడదీసి చూస్తే ఒక లెక్క తేలుతుంది. సరుకు ఎన్నాళ్లు నిలవ ఉంటుందో, దాని కబురు కూడా అన్నాళ్లే నిలవ ఉండాలి. ఇడ్లీ కబురు ఇడ్లీతోపాటే చల్లారిపోతుంది. లడ్డు కబురు పదిరోజులు ఆగినా చెడదు. ఈమెయిల్ రెండోదానికి పనికొచ్చే సాధనం, మొదటిదానికి కాదు. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో ఒక్కొక్క వైపు నుంచీ చూద్దాం.

ఏ బండి, ఎవరి బేరం

మన దగ్గర తిండి బండ్లు మూడు తరహాలు. మొదటిది తోపుడు బండి. పొద్దున ఇడ్లీ, గారె, పెసరట్టు ఉప్మా. సాయంత్రం పునుగులు, మిరపకాయ బజ్జీలు, లేదంటే నూడుల్స్, ఫ్రైడ్ రైస్. చక్రాలున్నా అది కదలదు. ఏళ్ల తరబడి ఒకే ప్రహరీ గోడ పక్కన, ఒకే కరెంటు స్తంభం కింద నిలబడుతుంది. బేరమంతా నడిచివచ్చేవాళ్లది, బస్సు దిగేవాళ్లది. వాళ్లకు బండి ఎక్కడుందో చెప్పాల్సిన పనే లేదు.

రెండోది ఆటో ట్రాలీ మీదో టాటా ఏస్ మీదో కట్టించుకున్న బండి. అసలైన ఫుడ్ ట్రక్కుకు దగ్గరిది ఇదే. ఆదివారం మంగినపూడి బీచ్, కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాల జనం, మాఘ పౌర్ణమికి హంసలదీవి, సుబ్రహ్మణ్య షష్ఠికి మోపిదేవి, మధ్యలో తిరునాళ్లు, సభలు, క్రికెట్ టోర్నమెంట్లు. 2025 జూన్‌లో మంగినపూడిలో జరిగిన మసూలా బీచ్ ఫెస్టివల్ లాంటివి ఈ బండ్లకు మంచి అదను. వీళ్లకు చోటు మారుతుంది, జనం మారతారు. ఒకచోట తిన్నవాళ్లు మళ్లీ ఎదురుపడతారన్న నమ్మకం లేదు.

మూడోది బండితో మొదలై ఇంటి వంటగదిలో పెరిగే వ్యాపారం. చిన్న ఫంక్షన్లకు వంట, ఆఫీసులకు భోజనాల సప్లయి, పచ్చళ్లు, పొడులు, పండగ పిండివంటలు. బండి ఇక్కడ దుకాణం బోర్డు లాంటిది. అసలు ఆదాయం ఆర్డర్లది.

ఇక పెట్టుబడి. వీధి వ్యాపారులకిచ్చే పీఎం స్వనిధి పథకం 2020లో పది వేల రూపాయల తొలి రుణంతో మొదలైంది. 2025 ఆగస్టులో దాన్ని 2030 మార్చి దాకా పొడిగిస్తూ తొలి రుణాన్ని 15 వేలకు, రెండోదాన్ని 25 వేలకు పెంచారు. మూడోది 50 వేలు. వ్యాపారం మొత్తానికి దొరికే అప్పు ఈ స్థాయిలో ఉన్నప్పుడు, ప్రచారానికి నెలకు రెండు వేలు కట్టమనే సలహా సలహాయే కాదు. ఏ సాధనాన్నయినా ఈ కొలతతోనే తూచాలి.

ఇంకో స్థానిక వాస్తవం. 2024 ఆగస్టు 15న రాష్ట్రంలో అన్న క్యాంటీన్ల పునఃప్రారంభం గుడివాడ నుంచే జరిగింది. అక్కడ పూటకు ఐదు రూపాయలు. ఆ ధరతో పోటీపడే ఈమెయిల్ ఎవరూ రాయలేరు. బండికి మిగిలిన బలాలు రుచి, వేళ, పరిచయం. ప్రచారం ఏదైనా ఈ మూడింటి మీదే నడవాలి. తగ్గింపు ధరల మీద నడిపితే పెనం కింద గ్యాసు ఖర్చు కూడా రాదు.

లాస్ ఏంజెలెస్ ఏం నేర్పింది

ఈమెయిల్ వాదులు తరచూ అమెరికా ఫుడ్ ట్రక్కుల్ని చూపిస్తారు. అక్కడి కథను ఒకసారి సరిగా చదవాలి. 2008 చివర్లో లాస్ ఏంజెలెస్‌లో రాయ్ చోయ్ వంటతో మొదలైన కోగీ బార్బెక్యూ ట్రక్కు, కొరియా మాంసాన్ని మెక్సికో టాకోలో చుట్టి అమ్మింది. ట్రక్కు రాత్రికి ఎక్కడ ఆగుతుందో జనానికి తెలియజేసింది ఈమెయిల్‌తో కాదు, ట్విట్టర్‌తో. గంటలో మారిపోయే చోటును గంటలో చేరే సాధనంతో చెప్పారు. ఆ ట్రక్కు పేరుపొందాక ఆ పద్ధతి దేశమంతా పాకింది. అంటే ఫుడ్ ట్రక్కుల చరిత్రలో అందరూ చెప్పుకునే విజయమే పూట కబురుకు ఈమెయిల్ సరిపోదని చెబుతోంది.

అక్కడ ఈమెయిల్ అక్కరకొచ్చింది వేరేచోట: ఆఫీసు లంచ్‌లు, పెళ్లిళ్లు, పుట్టినరోజులు. ముందుగా బుక్ చేసుకునే పని, ధర మాట్లాడుకునే పని, బిల్లు పంపే పని. ఆ కబుర్లకు వారాల ఆయుష్షు ఉంటుంది.

ఈమెయిల్ మీద ఒక డాలరు పెడితే 36 డాలర్లు వస్తాయన్న లెక్క కూడా బాగా తిరుగుతుంటుంది. దాన్ని ప్రచారంలో పెట్టింది ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలే. వాళ్లు అడిగింది మార్కెటింగ్ విభాగాలున్న సంస్థల్ని. ఉల్లిపాయలు తరగడం నుంచి చిల్లర ఇవ్వడం దాకా ఇద్దరే చేసుకునే అవనిగడ్డ బండికి ఆ అంకె వర్తిస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. దాన్ని పక్కన పెట్టి ముందుకెళ్దాం.

చిరునామా ఉంది, తెరిచే అలవాటు లేదు

మన జనానికి ఈమెయిల్ లేదనడం సరికాదు. ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్‌లు దించుకోవాలంటే గూగుల్ ఖాతా కావాలి కాబట్టి, ఫోన్ ఉన్న దాదాపు ప్రతివాళ్ల పేరా ఒక జీమెయిల్ ఉంది. సెల్ షాపులో కుర్రాడు పెట్టిచ్చిన చిరునామా, పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండదు.

అవనిగడ్డను చూడండి. డీఎస్సీ కోచింగ్‌కు పేరుపడిన ఊరు. 16,347 పోస్టులకు 2025 ఏప్రిల్‌లో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఇలాంటి ఊళ్లలో హాస్టళ్లూ టిఫిన్ బండ్లూ ఎలా నిండుతాయో వేరే చెప్పక్కర్లేదు. ఆ అభ్యర్థులకు ఈమెయిల్ ఉంది, దాన్ని తెరవడమూ వచ్చు. కానీ ఎందుకు తెరుస్తారు? దరఖాస్తు, హాల్ టికెట్, ఓటీపీ. ఆ పనయ్యాక మూసేస్తారు. పైగా జీమెయిల్ 2013 నుంచి ప్రచార ఉత్తరాల్ని వేరే అరలో పడేస్తోంది. వంతెన సెంటర్ దగ్గర రాత్రి ఎనిమిదింటికి ఎగ్ దోశ ఉందన్న ఉత్తరం ఆ అరలోకి చేరి, పరీక్షయ్యి ఊరెళ్లిపోయాక కనబడుతుంది.

రాష్ట్ర ప్రభుత్వమే ఈ అలవాటును గమనించింది. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో పౌరసేవల్ని ఫోనులోకి తెచ్చినప్పుడు ఎంచుకున్నది వాట్సాప్‌ను. సర్టిఫికెట్ల కోసమే ఈమెయిల్ తెరవని జనం పకోడీల కోసం తెరుస్తారని ఆశపడకూడదు.

దగ్గరి దారులకూ గతుకులున్నాయి

అయితే ఎస్సెమ్మెస్, లేదంటే వాట్సాప్ అంటారు. వాటినీ పరీక్షించాలి.

ప్రచార ఎస్సెమ్మెస్‌లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. పంపేవాళ్లు టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో నమోదు కావాలి, పంపే పేరునూ సందేశం నమూనానూ ముందే ఆమోదింపజేసుకోవాలి. 2025 సవరణలతో పేరు చివర అది ప్రచారమో సేవో తెలిపే అక్షరం కూడా చేరింది. మోసగాళ్లను ఆపడానికి ఇవి అవసరమే. బజ్జీల బండికి మాత్రం ఈ కాగితాల పని, నమోదు రుసుము తలకు మించినవి.

తెలుగులో రాస్తే ఇంకో చిక్కు. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 పడతాయి. ఆ 70 కూడా మన కంటికి కనిపించే అక్షరాలు కావు. గుణింతం ఒకటి, పొల్లు ఒకటి, ఒత్తు ఒకటి విడివిడిగా లెక్కకొస్తాయి. ‘పెసరట్టు’ చూపుకు నాలుగు అక్షరాలు, ఫోనుకు ఎనిమిది. బండి పేరు, చోటు, వేళ, రెండు వంటకాలు రాసేసరికి ఒక సందేశం రెండవుతుంది, ఖర్చూ రెట్టింపవుతుంది.

వాట్సాప్ సంగతి వేరు. వ్యాపారుల కోసం విడిగా యాప్ 2018లో వచ్చింది, చిన్న బండికి ఖర్చు లేదు. స్టేటస్ 24 గంటల్లో దానంతటదే పోతుంది. పొద్దున పెట్టిన ఇడ్లీ ఫొటో మర్నాటికి ఎవర్నీ మోసం చేయదు. నిలవ ఉండని సరుకుకు నిలవ ఉండని కబురు. ఇంతకంటే పొందికైన జోడీ దొరకదు. ‘ఈ పూట బండి బీచ్ దగ్గర లేదు, బస్టాండు ఎదురుగా ఉంది’ అన్న మాటకు అర నిమిషం వాయిస్ మెసేజీ చాలు. రాయడం రాని ఆవిడ కూడా పంపగలదు.

దాని హద్దులూ తెలియాలి. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందే పడతారు, అందులోనూ మన నంబరును ఫోనులో దాచుకున్నవాళ్లకే చేరుతుంది. గ్రూపులో వేస్తే ఒకళ్ల నంబరు ఇంకొకళ్లకు తెలిసిపోతుంది. ఆడవాళ్లు వెంటనే బయటికెళ్లిపోతారు. 2023 సెప్టెంబరులో మన దేశానికొచ్చిన ఛానెల్‌లో ఎంతమందైనా చేరవచ్చు గానీ, వాళ్లెవరో నడిపేవాళ్లకు తెలియదు. పెద్దయెత్తున పంపాలంటే డబ్బు కట్టే దారి ఉంది. 2025 జులై నుంచి సందేశానికి ఇంత అని వసూలు చేస్తున్నారు. ఎక్కువమంది బ్లాక్ చేస్తే నంబరే ఆగిపోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ రీల్ కథ కూడా ఇదే. జనం వస్తారు, చూస్తారు, కానీ వాళ్ల ఆచూకీ వ్యాపారి చేతిలో ఉండదు.

క్యూఆర్ కోడ్ మీద డబ్బు పడుతుంది, సౌండ్ బాక్సు అంకె చదువుతుంది. కొన్నది ఎవరో బండి పుస్తకంలోకి చేరదు. డెలివరీ యాప్‌లోనూ సాధారణంగా అంతే. వాడుక యాప్‌కు, వంట మనకు. ఈమెయిల్ జాబితాకున్న అసలు విలువ ఇక్కడ బయటపడుతుంది. అది వ్యాపారి సొంత ఆస్తి. ఏ కంపెనీ నియమం మారినా అది పోదు.

ఈమెయిల్ గెలిచే రెండు చోట్లు

మొదటిది ఆఫీసు ఆర్డర్లు. బందరు జిల్లా కేంద్రం. కలెక్టరేటు, కృష్ణా విశ్వవిద్యాలయం, భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం, 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, అదే ఏడు మే నుంచి సాగుతున్న పోర్టు పనులు. గుడివాడ పక్కన గుడ్లవల్లేరు ఇంజినీరింగ్ కాలేజీ, దివిసీమలో రొయ్యల చెరువుల చుట్టూ అల్లుకున్న మేత, మందుల కంపెనీల సిబ్బంది. ఇలాంటి చోట్ల శిక్షణ తరగతి, తనిఖీ, సెమినారు అంటే నలభై, అరవై భోజనాలు కావాలి. ఆర్డరిచ్చే గుమస్తాకు ధర కాగితం మీద కావాలి, పై అధికారికి చూపించాలి, ఆడిటుకు దాచాలి. వాట్సాప్‌లో పంపిన రేటు వంద ఫార్వర్డు మెసేజీల కింద కప్పబడిపోతుంది. మెయిలులో ఉన్నది మూడు నెలల తర్వాత వెతికినా దొరుకుతుంది. కాబట్టి ఇక్కడ ఈమెయిల్‌ను ప్రచారం అనడం కన్నా దస్త్రం అనడం సబబు. దస్త్రంలో పేరున్నవాళ్లకే రెండోసారి ఫోను వస్తుంది.

రెండోది దూరాన ఉన్న పిల్లలు. గుడివాడ, పామర్రు, చల్లపల్లి పల్లెల్లో అమ్మానాన్నలు ఉంటారు, కొడుకో కూతురో హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటారు. వాళ్లకు ఈమెయిల్ రోజువారీ పనిముట్టు. ఆఫీసులో కూర్చోగానే తెరిచేది అదే. ఊరి రుచి మీద మమకారం ఉంది, కొనే స్తోమత ఉంది, అడిగే దారి లేదు.

ఈ బేరానికి బందరు లడ్డు చక్కని సరుకు. శనగపిండితో పూస వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో నెయ్యి, యాలకులు కలిపి కట్టే ఈ తొక్కుడు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోజుల తరబడి నిలవ ఉంటుంది. బందరు హల్వా, ఆవకాయ, కందిపొడి, సంక్రాంతి అరిసెలు, చెక్కలు కూడా ఈ వరసలోవే. ఈ సరుకుల కబురు రెండువారాలు ముందు చెప్పినా నష్టం లేదు, ముందు చెబితేనే లాభం: ఎన్ని కిలోల బెల్లం తేవాలో తెలుస్తుంది.

అయితే అమెరికాకు పార్సిలే ఈ బేరం అనుకోకూడదు. 2025 ఆగస్టు 29 నుంచి అక్కడ 800 డాలర్లలోపు పార్సిళ్లకున్న సుంకం మినహాయింపు పోయింది. ఆ సందర్భంలో మన తపాలా శాఖ ఆ దేశానికి చాలా రకాల బుకింగులు ఆపేసి, అక్టోబరు మధ్యలో గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. దీనికన్నా గట్టి బేరం ఇంకోటుంది: ఆర్డరు అక్కడి నుంచి, డెలివరీ ఇక్కడే. నాన్నగారి పుట్టినరోజుకు చల్లపల్లిలో ఇంటికి పులిహోర, గారెలు, పాయసం. అమ్మ ఆస్పత్రి నుంచి వచ్చాక పదిరోజులు మెత్తటి భోజనం. హైదరాబాదులో అక్కావాళ్లింటికి ఆర్టీసీ కార్గోలో లడ్డు డబ్బా. కస్టమ్స్ లేదు, సుంకం లేదు. బండి వంట చేతికి ఇది కొత్త పనీ కాదు.

ఉత్తరం ఎలా ఉండాలి

ఒక నమూనా చూద్దాం. బందరులో సాయంత్రం టిఫిన్ బండి నడుపుతూ ఆఫీసు భోజనాలు కూడా వండే దంపతులు, గత నెల నలభై భోజనాలు తీసుకున్న ఆఫీసుకు రాస్తున్నారనుకోండి.

విషయం: ఈ నెల మీటింగుకు 40 భోజనాలు — మెనూ, ధర

‘నమస్కారమండీ. గత నెల 12న మీ ఆఫీసుకు భోజనాలు పంపింది మేమే. ఆ రోజు సాంబారు సరిపోలేదని చెప్పారు. ఈసారి పది మందికి ఒక లీటరు చొప్పున ఎక్కువ తెస్తాం. మెనూ: అన్నం, ముద్దపప్పు, నెయ్యి, గోంగూర, బెండకాయ వేపుడు, సాంబారు, గడ్డ పెరుగు, ఒక తొక్కుడు లడ్డు. ముందురోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా చెబితే చాలు. భోజనం ధర, మా ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ నంబరు, ఫోన్ నంబరు కింద ఉన్నాయి. ఇకమీదట రాయవద్దనుకుంటే ‘వద్దు’ అని ఒక్క మాట పంపండి, ఆపేస్తాం.’

ఇందులో ‘భారీ ఆఫర్’ లేదు, ఆశ్చర్యార్థకాలు లేవు. ‘విషయం’ చదివితేనే సంగతంతా తెలుస్తుంది. సాంబారు మాట అన్నిటికన్నా ముఖ్యం: వీళ్లు విన్నారు, రాసిపెట్టుకున్నారు అని దానివల్ల తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ నంబరు ఆఫీసు గుమస్తాకు ధైర్యం. ఏడాదికి 12 లక్షల లోపు టర్నోవరు ఉన్న చిన్న వ్యాపారికి ఆ నమోదు రుసుము ఏడాదికి వంద రూపాయలే. అంత చౌకగా దొరికే నమ్మకాన్ని ఉత్తరం అడుగున వాడుకోకపోవడం తెలివైన పని కాదు.

దూరాన ఉన్న పిల్లలకు రాసే ఉత్తరంలో ‘విషయం’ ఇలా ఉండొచ్చు: ‘సంక్రాంతికి అమ్మావాళ్లింటికి అరిసెలు, చెక్కలు — జనవరి 5లోగా చెప్పండి’. గడువు నిజమైనదై ఉండాలి. జనవరి 5 అని చెప్పి 11 దాకా తీసుకుంటే, మరుసటి ఏడు ఆ తేదీని ఎవరూ లెక్కచేయరు. పంపే వేళ కూడా చూసుకోవాలి. చలికాలంలో మన రాత్రి ఏడింటికి పంపితే న్యూయార్కు, న్యూజెర్సీల్లో పొద్దున ఎనిమిదిన్నర. వాళ్లు మెయిలు తెరిచే సమయం. డాలస్‌లో అప్పటికి ఏడున్నర.

సాంకేతికంగా చూసుకోవాల్సినవి కొన్నే. ఫ్లెక్సీలా ఒకే పెద్ద బొమ్మ చేసి పంపకూడదు. బొమ్మ తెరుచుకోకపోతే ఉత్తరం ఖాళీ. మాటలు మాటలుగానే ఉండాలి, ఒక్క ఫొటో చాలు, అదీ ఇంటర్నెట్‌లో దొరికింది కాక సొంత పళ్లెం ఫొటో. చిరునామాలన్నీ బీసీసీ గడిలో వేయాలి, లేకపోతే అందరి ఆచూకీ అందరికీ తెలుస్తుంది. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మంది దాకా పంపొచ్చు. రెండు మూడు వందల మంది ఉన్న జాబితాకు డబ్బు కట్టి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు.

అడిగి రాయడం

అనుమతి లేని ప్రచార మెయిలు చరిత్ర 1978 నాటిది. ఆ ఏడు మే నెలలో ఒక అమెరికన్ కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి తమ యంత్రాల గురించి సుమారు 400 మందికి ఒకేసారి పంపాడు. కొన్ని యంత్రాలు అమ్ముడయ్యాయి, తిట్లూ పడ్డాయి. అప్పటినుంచీ రెండూ కలిసే వస్తున్నాయి.

మన దేశంలో ఈమెయిల్ స్పామ్‌కు ప్రత్యేక చట్టం లేదు. ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్ దాన్ని కొంత పట్టుకునేది. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షన్‌నే కొట్టేసింది. ఇప్పుడు చూసుకోవాల్సింది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. దాని సారం బండివాళ్లకు కష్టమైనదేం కాదు: ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి అడగాలి, ఆ పనికే వాడాలి, వద్దంటే తీసేయాలి. ఆ సమాచారాన్ని తెలుగులో చదువుకునే వీలు కూడా ఇవ్వాలని చట్టమే చెబుతోంది.

చట్టం కన్నా ముందు కొట్టేది గూగుల్. రోజుకు ఐదు వేలకు మించి పంపేవాళ్లు స్పామ్ ఫిర్యాదుల్ని 0.3 శాతం లోపు ఉంచుకోవాలని, వద్దనుకునేవాళ్లు ఒక్క నొక్కుతో బయటపడే వీలుండాలని 2024 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది. మన బండికి ఆ నియమం నేరుగా వర్తించకపోయినా కొలతగా పనికొస్తుంది. 200 మందికి పంపితే ఒక్కరు స్పామ్ అని నొక్కినా అర శాతం. చిన్న జాబితాలో ఒక్క విసుగు చాలు. అందుకే డేటా అమ్ముతామని వచ్చేవాళ్ల దగ్గర చిరునామాలు కొనడమంత నష్టం ఇంకోటి లేదు.

మరి ఎలా సేకరించాలి? బండి దగ్గర రద్దీలో ‘మీ మెయిలు చెప్పండి’ అంటే చెప్పరు. ఆర్డరు బిల్లు ఇచ్చేటప్పుడు అడగొచ్చు. సంక్రాంతికి ఊరొచ్చిన పిల్లలు బండి దగ్గర ఆగి ‘ఇవి మాకు అక్కడ దొరకవండీ’ అన్నప్పుడు అడగొచ్చు. నోటు పుస్తకంలో పేరు, ఊరు, మెయిలు, ఏ పండగకు రాయాలో ఒక మాట, తేదీ. ఏడాదికి వంద పేర్లు చేరినా అది బలమైన జాబితా. ఆ పుస్తకం ఇంట్లో చదువుకునే అమ్మాయో అబ్బాయో ఫోనులోకి ఎక్కిస్తే పని అయిపోయినట్టే.

ఏది లెక్కించాలి

ఎంతమంది తెరిచారన్న లెక్కను నమ్ముకోవద్దు. 2021 సెప్టెంబరులో ఆపిల్ తన మెయిల్‌లో తెచ్చిన గోప్యతా మార్పు వల్ల, మనిషి తెరవకపోయినా తెరిచినట్టు నమోదవుతుంది. విదేశాల్లో ఉన్న మనవాళ్లలో ఐఫోన్లు వాడేవాళ్లు తక్కువేం కాదు. లెక్కించాల్సినవి మూడే: ఎంతమంది తిరిగి రాశారు, ఎంతమంది ఆర్డరిచ్చారు, ఎంతమంది ‘వద్దు’ అన్నారు.

ఒక ఊహాలెక్క వేద్దాం. 180 చిరునామాలున్న జాబితాకు సంక్రాంతి ముందు ఒక ఉత్తరం రాశారు. ఆరుగురు 1,200 రూపాయల చొప్పున ఆర్డరిచ్చారు. 7,200 రూపాయలు. శాతంలో చూస్తే మూడున్నర కూడా కాదు; 174 మంది పట్టించుకోలేదు. కానీ ఆ డబ్బు ముందుగా వచ్చింది, సరుకు ఎంత కావాలో ముందే తెలిసింది, వాన పడితే పిండి పారబోసే భయం లేదు. అదే ఉత్తరాన్ని వారం వారం పంపితే ఆరు కాస్తా రెండవుతుంది, ‘వద్దు’లు ఇరవై అవుతాయి. ఏడాదికి ఐదారు ఉత్తరాలు: సంక్రాంతి, ఉగాది, ఆవకాయ రోజులు, దసరా, దీపావళి, కార్తీకం. అంతకు మించి రాయడానికి బండి దగ్గర సంగతులూ ఉండవు.

బండి కదిలిన రోజు

జాబితా విలువ కష్టకాలంలో బాగా తెలుస్తుంది. 2024 జనవరిలో హైదరాబాదు మాదాపూర్ దగ్గర కుమారి ఆంటీగా పేరుపడిన భోజనాల బండిని ట్రాఫిక్ కారణంతో పోలీసులు తీయించారు. ముఖ్యమంత్రే జోక్యం చేసుకుని కొనసాగనివ్వమన్నారు. లక్షలమంది చూసిన వీడియోలే ఆ రద్దీని తెచ్చాయి, ఆ వీడియోల పేరే మళ్లీ కాపాడింది. గుడివాడలో రోడ్డు వెడల్పు పనికి బండి జరపమంటే ఏ ముఖ్యమంత్రీ రాడు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీ ఇచ్చిన ధ్రువపత్రం ఉంటే అడిగే హక్కుంటుంది. కొత్త చోటు దొరికేదాకా వాడుకను నిలబెట్టేది మాత్రం చేతిలో ఉన్న నంబర్లు, చిరునామాలే.

తుపానూ అంతే. 2025 అక్టోబరు 28న మొంథా తీరం దాటినప్పుడు ఈ తీరమంతా ముందే బీచ్‌లు మూసి, కరెంటు పోతుందని సిద్ధపడింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను మర్చిపోని దివిసీమకు హెచ్చరిక అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. అలాంటి రోజుల్లో ‘రేపు, ఎల్లుండి బండి రాదు’ అన్నది పూట కబురు, వాట్సాప్ పని. ‘ఒప్పుకున్న కార్తీక మాసం ఆర్డర్లు వారం ఆలస్యంగా పంపుతాం, వద్దనుకుంటే డబ్బు తిరిగిస్తాం’ అన్నది ఈమెయిల్ పని. ఒకే తుపానుకు రెండు కబుర్లు, రెండు దారులు.

ఎవరు మొదలుపెట్టాలి, ఎవరికి అక్కర్లేదు

ఇదంతా కలిపి చూస్తే తీర్పు కష్టం కాదు. ఒకేచోట నిలబడి పూట సరుకు అమ్మే తోపుడు బండికి ఈమెయిల్ అక్కర్లేదు. వాట్సాప్ స్టేటస్, గూగుల్ మ్యాపులో సరైన చోటు, వేళ తప్పకపోవడం చాలు. తిరిగే బండికి కూడా రోజు కబురు వాట్సాప్‌దే. బీచ్‌లో, తిరునాళ్లలో కలిసినవాళ్లలో ఫంక్షను ఆర్డరు గురించి అడిగినవాళ్ల చిరునామా మాత్రం రాసుకోవాలి. ఆర్డర్ల మీద, నిలవ సరుకు మీద బతికే మూడోరకం వాళ్లు మాత్రం వచ్చే పండగ నుంచే మొదలుపెట్టాలి. వాళ్లకు ఈమెయిల్ ఒక అలంకారం కాదు, వచ్చే ఏడు బేరానికి పునాది.

ఈ పనిలో మున్సిపాలిటీలూ చేయూతనివ్వొచ్చు. వీధి వ్యాపారులకు రుణాలతోపాటు క్యూఆర్ కోడ్ వాడకం నేర్పుతున్నారు కదా, ధర కాగితం ఎలా రాయాలో, అడిగి చిరునామా ఎలా తీసుకోవాలో కూడా ఒక పూట నేర్పితే చాలు. ప్రభుత్వ కార్యాలయాల చిన్న భోజనాల ఆర్డర్లు ధ్రువపత్రమున్న బండ్లకు కూడా ఇస్తామని ఒక్క మెయిలు పెడితే, ఏ మార్కెటింగ్ పాఠమూ చేయలేని పని అది చేస్తుంది.